స్పిట్‌ఫైర్ మీద రెండక్షరాలు

నవల వస్తే విమర్శ రాస్తాం. సినిమా వస్తే మర్నాడు పొద్దున్నకల్లా పక్కింటావిడ దగ్గర్నుంచి పత్రికలదాకా అందరం విమర్శకులమే. టీవీ సీరియల్లో అత్తగారు కళ్ళురిమితే అది న్యాయమా అని గంటసేపు వాదించుకుంటాం. కానీ మన ఇళ్ళల్లో పిల్లలు పూటకి రెండు మూడు గంటలు రెప్ప వెయ్యకుండా ఆడే కంప్యూటర్ ఆటల్ని మాత్రం "ఆ పాడు ఆట" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాం. పాడు ఆటే కావచ్చు. అయితే చదవకుండానే ఒక నవలని పాడు నవల అంటే రాసినావిడ ఊరుకుంటుందా? నేనైతే ఊరుకోను.

అందుకని ఈసారి నేను విమర్శకు తీసుకున్నది పుస్తకం కాదు. పాతకాలపు యుద్ధ విమానం నడిపే ఒక ఆట. పేరు చాంతాడంత ఉంది: "ఐఎల్-2 స్టుర్మోవిక్: క్లిఫ్స్ ఆఫ్ డోవర్". 2011లో రష్యా వాళ్ళు తయారుచేశారు. కథాకాలం 1940. హిట్లర్ ఫ్రాన్సును లొంగదీసుకుని, సముద్రానికి అవతల ఉన్న ఇంగ్లండు మీదికి విమానాల్ని ఉసిగొల్పిన రోజులు. జులై 10 నుంచి అక్టోబరు 31 దాకా ఆకాశంలోనే జరిగిన ఆ పోరాటానికి బ్రిటన్ యుద్ధం అని పేరు. ఆడేవాళ్ళు కావాలంటే ఇంగ్లీషు వారి స్పిట్‌ఫైరో హరికేనో ఎక్కొచ్చు, కావాలంటే జర్మనీ వారి మెసర్‌ష్మిట్ ఎక్కొచ్చు.

ఈ ఆట పుట్టుక కూడా ఒక కథే. విడుదలైన రోజున నిండా లోపాలట. తయారుచేసినవాళ్ళే కొన్నాళ్ళకి దాన్ని వదిలేశారు. అప్పుడు ఆడేవాళ్ళలోనే కొందరు కలిసి, పైసా తీసుకోకుండా, ఏళ్ళ తరబడి కూర్చుని దాన్ని బాగుచేశారు. చివరికి 2017లో వాళ్ళు దిద్దినదే అధికారికంగా కొత్తగా విడుదలైంది. అచ్చుతప్పుల నవలని పాఠకులే దిద్ది, మళ్ళీ బైండు చేయించి, "ఇదిగోనమ్మా నీ నవల" అని రచయిత్రి చేతిలో పెట్టినట్టు! అలాంటి పాఠకులు ఎక్కడుంటారో నాకూ చెబుదురూ.

ఇంతకీ ఈ ఆట నా దాకా ఎలా వచ్చిందంటే, మా అక్క వల్ల. వాళ్ళది లింగంపేట. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్ళే దారిలో తగులుతుంది. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. నాగన్న బావి అని పాత మెట్లబావి ఉన్న ఊరు. అక్క కూతురు ఇంజనీరింగు మూడో సంవత్సరం. సెలవులకి వచ్చిందంటే చాలు, జాయ్‌స్టిక్ అనే ఒక కర్రని కంప్యూటర్‌కి తగిలించుకుని స్పిట్‌ఫైర్ నడుపుతూ కూర్చుంటుంది. కొడుకు ఆడితే "మగపిల్లలు అంతే" అని సరిపెట్టుకునేదేమో అక్క. కూతురయ్యేసరికి బెంగ పట్టుకుంది. దానికి తోడు ఆ పిల్ల చదువయ్యాక వాయుసేన పరీక్ష రాస్తానంటోంది.

"నువ్వు పుస్తకాలకు మంచీచెడూ రాస్తవు గద. జెర ఇది గూడ చూసి చెప్పు. ఈ ఆట దానికి నిజం చెప్తున్నదా, మాయ చేస్తున్నదా?" అంది అక్క.

విమర్శకురాలిని ఇంత సూటిగా ఎవరూ అడగరు. నిజం చెబుతోందా, మాయ చేస్తోందా. ఏ నవలనైనా అడగాల్సింది ఇదే. అందుకని నాలుగు రోజులు ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకుని, నవల చదివినట్టే చూశాను. మధ్యలో రెండు మూడుసార్లు కర్ర నా చేతికీ ఇచ్చింది.

మొదటగా నాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, ఈ ఆటలో తుపాకి పేలడానికి చాలాసేపు పడుతుంది. సినిమాల్లో లాగా హీరో ఎగిరి కూర్చోగానే విమానం లేవదు. పెట్రోలు కుళాయి తిప్పాలి. మాగ్నెటోల స్విచ్చులు వెయ్యాలి. ఇంజను తిరిగాక నూనె వేడెక్కేదాకా ఓపిక పట్టాలి. డీసీఎస్ అని ఇంకో ఆట ఉంది, అందులోనూ స్పిట్‌ఫైర్ ఉంది. దాంట్లోనైతే ముందు చిన్న చేతిపంపుతో ఇంజనులోకి పెట్రోలు కూడా కొట్టాలి. నలభై యాభై దాటిన వాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. అచ్చం మన పంపు స్టవ్వే! తక్కువ కొడితే అంటుకోదు, ఎక్కువ కొడితే భగ్గుమంటుంది.

అయ్యో, సరిగ్గా వేడెక్కింది గదా అని నేలమీద ఇంకాసేపు నిలబెట్టారనుకోండి, ఈసారి అతిగా వేడెక్కుతుంది. స్పిట్‌ఫైర్ రేడియేటర్ రెక్క కింద ఉంటుంది, దానికి గాలి తగలాలంటే విమానం ఎగరాల్సిందే. కదిలిద్దామంటే ముందు ఏముందో కనబడదు. ముక్కు అంత పొడుగు. అందుకని పాము నడిచినట్టు అటూ ఇటూ వంకర్లు తిప్పుకుంటూ, పక్కనుంచి తొంగి చూసుకుంటూ రన్‌వే దాకా వెళ్ళాలి. అక్కడ థ్రాటిల్ ముందుకు తోస్తే విమానం తిన్నగా పోక ఎడమకి లాగుతుంది. పంకా ఒకవైపు తిరుగుతుంటే ఒళ్ళంతా రెండోవైపుకి పోతుందన్నమాట. కుడికాలితో తొక్కి పట్టాలి.

"గట్టిగ గుంజకు చిన్నమ్మా. రెండు వేళ్ళతోని పట్టుకో చాలు. అదే లేస్తది" అంది పిల్ల.

లేచింది. లేచాక మాత్రం చెప్పొద్దూ, మాట రాదు. కింద ఆకుపచ్చని మళ్ళు, దూరాన తెల్లటి సున్నపురాయి కొండలు, వాటిని ఒరుసుకుంటూ సముద్రం. మబ్బులోకి వెళ్తే తెరంతా తెల్లబడిపోతుంది, బయటపడగానే ఎండ కళ్ళల్లో కొడుతుంది. ఈ ఆటని తయారుచేసిన వాళ్ళు ఆకాశాన్ని ప్రేమించారు. ఆ మాట ఒప్పుకోవాలి. కొండని వర్ణించే రచయిత ఆ కొండ ఎక్కాడా లేదా అన్నది రెండు వాక్యాల్లో తెలిసిపోతుందే, అలాగ.

ఇక యుద్ధం సంగతి. 1940 నాటి స్పిట్‌ఫైర్‌కి ఎనిమిది తుపాకులు. ఒక్కోదాంట్లో మూడువందల గుళ్ళు. ఎంత లెక్క అనుకున్నారు? మీట నొక్కి పట్టుకుంటే పదిహేను సెకన్లలో అంతా ఖాళీ. కందిపప్పు ఒక పొంగు వచ్చేంతసేపు కూడా కాదు. మన పిల్లలు ఆడే మిగతా తుపాకీ ఆటల్లో గుళ్ళు అక్షయపాత్రలోంచి వచ్చినట్టు వస్తూనే ఉంటాయి. ఇక్కడ అలా కాదు. పిల్ల గంటసేపు ఎగిరి, అందులో నాలుగు సెకన్లు పేల్చి, ఏమీ తగలక, పెట్రోలు చూసుకుని తిరిగొచ్చేసిన రోజే ఎక్కువ. నాకిది నచ్చింది. హింసని చౌక చెయ్యకపోవడం కూడా ఒక రకం మర్యాదే.

ఈ యంత్రంలో ఒక లోపం ఉంది, ఆటలో దాన్నీ దాచలేదు. స్పిట్‌ఫైర్ ముక్కుని ఒక్కసారిగా కిందికి దించితే ఇంజను దగ్గి, ఊపిరి బిగబట్టేస్తుంది. ఎందుకో నాకు అర్థమైన భాషలో చెబుతాను. ఎల్లారెడ్డి బస్సులో ఒళ్ళో మజ్జిగ చెంబు పెట్టుకుని కూర్చున్నారనుకోండి. బస్సు గతుకులో పడి మీరు సీటులోంచి లేచినప్పుడు, చెంబులో మజ్జిగ కూడా అడుగు వదిలి మూతకి కొట్టుకుంటుంది. ఆ క్షణాన చెంబు అడుగున చిల్లు ఉన్నా చుక్క రాదు. స్పిట్‌ఫైర్ కార్బురేటర్లో పెట్రోలు గతీ ఇంతే. జర్మన్ల మెసర్‌ష్మిట్‌లో పెట్రోలుని నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటు ఉంది, అందుకని దానికీ బాధ లేదు. ప్రాణం మీదికొస్తే అది చటుక్కున ముక్కు దించి పారిపోయేది. వెంటపడ్డ ఇంగ్లీషు కుర్రాడేమో విమానాన్ని ముందు తలకిందులు చేసి, అప్పుడు దూకాల్సి వచ్చేది.

ఈ జబ్బుకి చిట్కా వైద్యం కనిపెట్టింది ఎవరో తెలుసా? ఒక ఆడమనిషి. బియాట్రిస్ షిల్లింగ్. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన కేంద్రంలో ఇంజనీరు. 1909లో పుట్టింది. మోటారుసైకిలు పందేల్లో గంటకు నూరు మైళ్ళు దాటించిన మనిషి. ఆవిడ చేసిందల్లా మధ్యలో చిన్న చిల్లు ఉన్న ఒక ఇత్తడి వాషర్. పెట్రోలు దారిలో దాన్ని బిగిస్తే, ఇంజనుకి కావాల్సినంతకి మించి పెట్రోలు మీద పడి ముంచెయ్యదు. విమానాన్ని విప్పి పనిలోంచి తప్పించక్కర్లేదు. 1941లో ఆవిడే కొందరిని వెంటబెట్టుకుని స్థావరం స్థావరం తిరిగి బిగించి వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీలు కొత్త కార్బురేటర్లు తయారుచేసేదాకా ఆ వాషరే కాపాడింది.

ఇప్పుడు విమర్శకురాలిగా నా మొదటి ఫిర్యాదు. ఆటలో ఇంజను దగ్గుతుంది. ఎంత వేగంగా ముక్కు దించితే ఎంతసేపు దగ్గాలో కూడా లెక్క కట్టి పెట్టారు. కానీ నేను చూసిన నాలుగు రోజుల్లో ఆ దగ్గు మాన్పిన ఆవిడ పేరు ఎక్కడా కనబడలేదు. పిల్లకి తెలుసు, కానీ ఆటలోంచి కాదు. "ఇంజను ఎందుకు ఆగుతున్నదో సమజ్‌గాక పుస్తకాలు వెతికితే దొరికింది" అంది. ఆట ప్రశ్న పుట్టించింది, జవాబు చెప్పలేదు. ప్రశ్న పుట్టించడం చిన్న పనేం కాదనుకోండి. మనవాళ్ళ చరిత్ర నవలలు చాలావాటికి ఆ భాగ్యం కూడా లేదు.

రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది, దాన్ని లింగంపేటలో కూర్చుని చెయ్యడమే న్యాయం.

ఆటలో విమానం ఎక్కేముందు ఏ దళం వాళ్ళ విమానమో మనమే ఎంచుకోవచ్చు. దళాన్నిబట్టి విమానం పక్కన అక్షరాలు మారతాయి. మా పిల్ల ఎప్పుడూ ఒకటే ఎంచుకుంటుంది. యు, ఎం అనే రెండక్షరాలు. అది 152వ నంబరు దళం. దాని పూర్తి పేరు, బ్రిటిషు వైమానిక దళం రికార్డుల్లో ఉన్న పేరు, "152 హైదరాబాద్ స్క్వాడ్రన్".

అవును, మన హైదరాబాదే. ఆ దళం చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. దాని నినాదం "నమ్మకమైన మిత్రుడు" అని. తెల్లదొరలు మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కి ఇచ్చిన బిరుదు అది. ఆయన ఇచ్చిన విరాళానికి గుర్తుగా దళానికి మన రాజ్యం పేరు పెట్టారు. 1940 వేసవిలో వార్మ్‌వెల్ అనే చోట దిగి, పోర్ట్‌లండ్ నౌకాస్థావరాన్ని కాపాడుతూ ఈ దళం పోరాడింది. హరికేన్లు నడిపిన 253వ దళానికి "హైదరాబాద్ స్టేట్" అని పేరు. అంతకుముందు, 1918లోనే, మొదటి ప్రపంచయుద్ధంలో 110వ దళం ఫ్రాన్సుకి పోతే, దాని విమానాలన్నీ నిజాం ఇచ్చిన కానుకే. ఒక్కోదానిమీద ఆ మాట రాసి ఉండేది. అందుకే దానికీ హైదరాబాద్ దళమనే పేరు.

సరే, నిజాం ఇచ్చాడు. నిజాంకి ఎవరిచ్చారు?

ఇక్కడ నాకు ఆగక తప్పదు. ఆయన సొంత ఖజానా అన్నా, సర్కారు ఖజానా అన్నా, అందులోకి సొమ్ము వచ్చింది ఎక్కువగా భూమి మీద శిస్తులోంచే. ఆనాడు లింగంపేట కూడా నిజాం రాజ్యమే. ఈ చుట్టుపక్కల చెరువుల కింద వరి పండించి, జొన్న పండించి, పట్వారీ లెక్కకి తలొగ్గి శిస్తు కట్టినవాళ్ళ సొమ్మే. రెండో ప్రపంచయుద్ధకాలంలో ఆ శిస్తు చాలదన్నట్టు లెవీ గల్లా కూడా వచ్చిపడింది. పండిన పంటలో ఇంతభాగం సర్కారు చెప్పిన ధరకి కొలిచి ఇవ్వాలి. ఇంట్లో తిండికి ఉందా లేదా అన్నది వాళ్ళకి అక్కర్లేదు. పెద్ద దొరలు తమ వాటా తప్పించుకుని చిన్న రైతుల మీదికి తోసేవాళ్ళు. తెలంగాణ సాయుధపోరాటం రాజుకోవడానికి వెట్టితోబాటు ఈ లెవీ కూడా ఒక కారణం.

స్పిట్‌ఫైర్ రెక్కమీద ఎండ ఎలా మెరుస్తుందో లెక్క కట్టిన ఆటలో, ఆ రెక్క ఎవరి వడ్లతో వచ్చిందో ఒక్క ముక్క లేదు. రష్యాలో కూర్చుని ఆట రాసినవాళ్ళకి లింగంపేట ఎలా తెలుస్తుంది అంటారా? నిజమే. వాళ్ళమీద నాకు కోపం లేదు. రెండక్షరాలు సరిగ్గా రాశారు, అదే గొప్ప. వాళ్ళు రాసిన రెండక్షరాల్ని విప్పి చదవాల్సింది మనం. మన చరిత్ర పాఠాల్లోనూ ఈ సంగతి నాకు ఎప్పుడూ తగల్లేదు మరి.

ఇంకో విచిత్రం చూడండి. హరికేన్ తయారుచేసిన హాకర్ కంపెనీయే తర్వాత టెంపెస్టు అనే విమానం చేసింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చినప్పుడు, మన వాయుసేన పంపింది ఆ టెంపెస్టుల్నే. ఎవరి విమానాలకి నిజాం ఖజానా తెరిచాడో ఆ కంపెనీ విమానాలే ఆయన నెత్తిమీద తిరిగాయి. ఇది నవలలో రాస్తే "మరీ కల్పనగా ఉందమ్మా" అని ఎడిటరుగారు కొట్టేస్తారు.

హైదరాబాదీ ఎవరైనా నిజంగా స్పిట్‌ఫైర్ నడిపారా అంటే నడిపారు. ఇద్రిస్ హసన్ లతీఫ్. హైదరాబాదులో పుట్టి, 1942లో వాయుసేనలో చేరి, ఇంగ్లండు వెళ్ళి హరికేన్లమీదా స్పిట్‌ఫైర్లమీదా శిక్షణ పొందారు. దేశం రెండైనప్పుడు ఇక్కడే ఉంటానని ఉండిపోయారు. 1978లో మన వాయుసేనకే అధిపతి అయ్యారు.

ఇక అక్క అడిగిన ప్రశ్నలో అసలు ముల్లు. చావు.

ఏ ఆటలోనైనా నాకు గిట్టనిది ఇదే. విమానం కూలుతుంది, తెర నల్లబడుతుంది, "మళ్ళీ మొదలుపెట్టు" అని ఒక మీట వస్తుంది. నొక్కితే అదే పొద్దున్న, అదే మైదానం, అదే విమానం. ఏమీ కానట్టు. 1940లో ఆ మీట లేదు. బ్రిటన్ యుద్ధంలో ఇంగ్లండు వైపు ఎగిరిన దాదాపు మూడు వేలమందిలో 544 మంది ఆ నాలుగు నెలల్లోనే చనిపోయారు. చాలామందికి ఇరవై, ఇరవై రెండేళ్ళు. ఇంజనీరింగు మూడో సంవత్సరం వయసు.

పైగా ఈ ఆటలో ఎవరికీ మొహాలు లేవు. జర్మన్ విమానం మంటల్లో పడిపోతుంటే పిల్ల చెయ్యి ఎత్తింది సంతోషంగా. అందులో ఉన్నదీ ఎవరో తల్లి కన్నవాడే అని నాకు తోచింది గానీ, ఆట తోచనివ్వదు. కింద ఊళ్ళున్నాయి, ఇళ్ళున్నాయి, చర్చీ గోపురాలున్నాయి. ఏ పెరట్లోనూ బట్టలు ఆరేసే మనిషి నాకు కనబడలేదు. ఆ యుద్ధంలో బాంబులు పడింది అలాంటి పెరళ్ళలోనే గదా. కథలో మనుషుల్ని తీసేసి యంత్రాల్ని ఉంచితే యుద్ధం ఎంత అందంగా ఉంటుందో! నా దృష్టిలో ఈ ఆట చేస్తున్న మాయ ఇదొక్కటే, కానీ చిన్న మాయ కాదు.

ఈ మాటే అన్నాను పిల్లతో. అది లేచి వెళ్ళి ఒక నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఈ ఆటలాడేవాళ్ళలో కొంతమంది తమకు తామే ఒక నియమం పెట్టుకుంటారట. చస్తే చచ్చినట్టే. "మళ్ళీ మొదలుపెట్టు" మీట నొక్కకూడదు. ఒక పైలట్‌కి పేరు పెట్టి, మొదటి రోజు నుంచి వాడితోనే ఎగరాలి. వాడు పోతే వాడి కథ అంతే. ఇంకో పేరుతో, ఇంకో కొత్తవాడుగా మొదటినుంచి రావాలి. ఆట పెట్టిన నియమం కాదిది, ఆడేవాళ్ళు పెట్టుకున్నది. నోటుపుస్తకంలో పేజీకి ఒక పేరు. తను అల్లుకున్న పేర్లే. కింద తారీఖులు, ఎన్నిసార్లు ఎగిరాడు, ఎన్నిసార్లు దిగాడు. చివర ఒక గీత. ఒక పేజీలో ఇరవై మూడుసార్లు క్షేమంగా దిగినవాడు, ఇరవై నాలుగోసారి మబ్బులోంచి బయటపడి తోటి విమానాన్నే గుద్దుకుని పోయాడు. గీత కొంచెం వంకరగా ఉంది.

"ఆ దినం అన్నం తినలే ఇది. నాకేమో ఏం రోగమొచ్చెనో అని భయం" అంది అక్క గుమ్మంలోంచి.

నేను నవ్వబోయి ఆగిపోయాను. నా నవలలో పాత్ర చచ్చిపోయిన రోజు నాకు అన్నం సహించకపోతే, ఇంట్లో అందరూ దాన్ని రచయిత్రి లక్షణమని మెచ్చుకున్నారు. ఇరవయ్యేళ్ళ పిల్ల అదే పని చేస్తే రోగం అంటామా? ఆట తీసేసిన మనిషిని ఈ పిల్ల రూళ్ళ పుస్తకంలో మళ్ళీ పెట్టుకుంది. విమర్శకురాలు చెయ్యాల్సిన దిద్దుబాటు ఆడేపిల్ల ముందే చేసేసింది.

అక్కకి నేనిచ్చిన తీర్పు ఇది. యంత్రం సంగతిలో ఈ ఆట అబద్ధం చెప్పదు. విమానం నడపడమంటే తుపాకి పేల్చడం కాదని, నూనె వేడీ, పెట్రోలూ, గాలీ చూసుకోవడమని చెబుతుంది. దిగడం ఎగరడంకంటే కష్టమని చెబుతుంది. భయం సంగతి మాత్రం చెప్పదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి విమానం తలకిందులైనా రక్తం తలకెక్కదు, కళ్ళు చీకట్లు కమ్మవు. తెరమీద చీకటి కమ్ముతుందంతే. దానికి ఈ ఆట పనికిరాదు. ఆ సంగతి చెప్పగలిగిన చోటు వేరే ఉంది, అదీ దూరమేం కాదు.

మేం హైదరాబాదు నుంచి మెదక్ మీదుగా లింగంపేట వెళ్ళినప్పుడల్లా నర్సాపూర్ రోడ్డులో దుండిగల్ తగులుతుంది. అక్కడే వాయుసేన అకాడమీ. 2016 జూన్‌లో అక్కడి కవాతు మైదానంలోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అనే ముగ్గురు అమ్మాయిలు మన దేశంలో మొదటి మహిళా యుద్ధవిమాన పైలట్లుగా బయటికొచ్చారు. రెండేళ్ళు తిరక్కుండా అవని ఒంటరిగా మిగ్-21 నడిపింది. వాళ్ళలో ఎవరి తల్లి భయపడలేదంటారు? ఎనభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఆడవాళ్ళు స్పిట్‌ఫైర్లు నడిపారు. ఫ్యాక్టరీ నుంచి స్థావరానికి చేరవేసేదాకానే. యుద్ధానికి మాత్రం పనికిరారన్నారు. అదే కాలంలో రష్యావాళ్ళు ఆడపిల్లల్ని యుద్ధవిమానాలెక్కించి నేరుగా పోరుకే పంపారు. పంపమని నేను చెప్పను, ఆపమనీ చెప్పను. అది అక్కా బావా ఆ పిల్లా కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. ఆట గురించి అడిగారు గనక ఆట గురించి చెప్పాను.

అన్నట్టు, 1918లో నిజాం ఇచ్చిన విమానాల్లో ఒకటి ఇప్పటికీ ఉంది. ఆ ఏడాది అక్టోబరులో జర్మన్లకి చిక్కి, బెర్లిన్ మ్యూజియంలో నిలబడి, రెండో యుద్ధం అయ్యేసరికి పోలండు చేరింది. 1977లో ఇంగ్లండువాళ్ళు దాన్ని తెచ్చుకుని లండన్‌లోని తమ వైమానిక మ్యూజియంలో పెట్టుకున్నారు. ఊరికే ఇవ్వలేదు పోలండువాళ్ళు. బదులుగా ఒక స్పిట్‌ఫైర్ పుచ్చుకున్నారు.

ఈ సంగతి చెబితే పిల్లకి లెక్కమీదికి పోయింది మనసు. యుద్ధం రోజుల్లో ప్రజలు చందాలేసుకుని విమానం కొనివ్వడానికి స్పిట్‌ఫైర్‌కి పెట్టిన ధర 5,000 పౌన్లు. అసలు ఖర్చు అంతకంటే ఎక్కువే, చందాకోసం పెట్టిన ధర అది. అప్పటి మారకం ప్రకారం పౌనుకి పదమూడు రూపాయల పైచిల్లర, అంటే విమానం ఒక్కింటికి ఇంగ్లీషు రూపాయల్లో 66 వేల పైన. నిజాం హాలీ సిక్కాల్లో అయితే ఇంకా ఎక్కువ. నోటుపుస్తకం చివరిపేజీ తీసి, తను ఇప్పటిదాకా కూల్చుకున్న విమానాలు లెక్కపెట్టింది. పద్నాలుగు. గుణించి చూసుకుని, "తొమ్మిది లక్షల ముప్పైమూడు వేలు చిన్నమ్మా" అంది మెల్లగా.

అక్క వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఎన్ని?"

"తొమ్మిది లక్షలమ్మా. అప్పటి పైసలు."

అక్క ఆ పుస్తకం వంక, తెరమీద ఎండలో నిలబడి ఉన్న విమానం వంక, దాని పక్కన ఉన్న రెండక్షరాల వంక చూసింది. కుర్చీ లాక్కుని పిల్ల పక్కన కూర్చుంది.

"జెర మెల్లగ దింపు బిడ్డా" అంది.